వెబ్ పుటలో కనబడని మాటలు

నేడు మేము చెప్పదలచిన విషయము వెబ్ పుటలను వ్రాయు పద్ధతికి సంబంధించినది. వెబ్ పుట యనగానే అది కంటితో చూచు వస్తువని ఎల్లరును తలతురు. అది కొంతవరకే నిజము. ఆ పుటను చెవితో వినువారు కలరు. వ్రేళ్లతో తడిమి చదువుకొనువారును కలరు. రేడియో ముందు కూర్చుండి, కనబడని వేదికను, కనబడని గాయకుని మనస్సులోనే రూపు కట్టుకొను అలవాటు గల శ్రోతలకు ఈ మాట వింతగా తోచదని మా నమ్మకము.

మాకు ఈ సంగతి తెలిసివచ్చుట ఆలస్యముగనే జరిగినది. మా ప్రాంతపు సంగీత సభవారు తమ కచేరీల వివరములకు ఒక వెబ్ పుట కావలెనని కోరగా, ఆ పనికి మేము పూనుకొంటిమి. పుస్తకము చూచి నేర్చుకొన్న కొద్దిపాటి విద్య మాది. ఎక్కడనో దొరికిన మాదిరి పుటను దింపుకొని, అందలి ఇంగ్లీషు మాటలను తొలగించి తెలుగు మాటలను నింపితిమి. కచేరీల ఫొటోలు పదునాలుగు పెట్టితిమి. చూచినవారందరు బాగున్నదనిరి. ఆ సభలో తరచు పాడెడి గాయకులొకరు మాకు మిత్రులు. చిన్ననాటనే చూపు పోయినవారు. ఆయన తన కంప్యూటరులో స్క్రీన్ రీడరును, అనగా తెరపైని వ్రాతను పైకి చదువు సాధనమును ఉంచుకొని, దానిచేత చదివించుకొని వినుచుందురు. పుట సిద్ధమైన మరునాడు ఆయన మాకు కబురంపి, మేము పోగా తన ప్రక్కనే కూర్చుండబెట్టుకొని, “ఏమండీ, మీ పుట నాకెలా వినబడుతోందో మీరూ ఓసారి వినండి” అనిరి.

విన్నాము. యంత్రము మొదట ఇంగ్లీషు గొంతుతో ఒకటి రెండు మాటలు పలికెను. తెలుగు వ్రాత వచ్చిన చోట మూగపోయెను. ఫొటోల యొద్దకు రాగానే మరల నోరు విప్పి, “ఐ ఎమ్ జి అండర్‌స్కోర్ టూ జీరో త్రీ వన్” అని కెమెరా పెట్టిన ఫైలు పేర్లను ఒకదాని వెంట నొకటి ఏకరువు పెట్టసాగెను. తన తరువాతి కచేరీ ఏనాడో, ఏ వేళకో తన సభవారి పుటలోనే మా మిత్రులకు తెలియలేదు. తప్పు యంత్రముది కాదు, సభవారిది కాదు, మాది. మేము వ్రాయక విడిచిన మాటలు కొన్ని, ఇతరులు వ్రాసియుంచగా మేము సరిచూడని మాట యొకటి, ఆ పుటను ఆయనకు మూసివేసినవి. చూచువారికి ఆ మాటలు తెరపై కనబడవు; కావుననే మాకు వాని లోటు తెలియలేదు. ఆ మాటలకే ఆట్రిబ్యూటులని పేరు.

వెబ్ పుటను వ్రాయు భాష హెచ్‌టీఎంఎల్. టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు జెనీవా చెంత నున్న సెర్న్ అను పరిశోధన సంస్థలో పనిచేయుచు 1989లో వెబ్ ఆలోచనను ప్రతిపాదించి, 1991లో దానిని లోకమునకు విడుదల చేసెను. ఆయన మొదట ప్రకటించిన జాబితాలోని గుర్తులు సుమారు 18 మాత్రమే. ఈ గుర్తులను ట్యాగులందురు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక అని బ్రౌజరునకు చెప్పునవి ట్యాగులే. రెండు కోణపు గుర్తుల నడుమ ట్యాగు పేరు ఉండును. ఇంతవరకు బడి పిల్లలకైనను ఒక పూటలో పట్టుపడును.

వ్యాకరణము చదివినవారికి విశేష్యము, విశేషణము అను మాటలు తెలియును. తెల్లని గుఱ్ఱము అన్నప్పుడు గుఱ్ఱము విశేష్యము, తెల్లని అనునది విశేషణము. ట్యాగు విశేష్యము వంటిది. దానిని గూర్చి అదనముగా చెప్పు ఆట్రిబ్యూటు విశేషణము వంటిది. ఈ పోలిక క్రొత్తవారికి పనికివచ్చును గాని, ఒక చోట కుంటుపడును. తెల్లని అను మాట తీసివేసినను గుఱ్ఱము గుఱ్ఱమే గదా! ఒక పుటనుండి మరియొక పుటకు దారి చూపు లంకె ట్యాగు కలదు. దాని పేరు ‘ఏ’ అను ఒకే అక్షరము. హెచ్, ఆర్, ఇ, ఎఫ్ అను నాలుగక్షరముల ఆట్రిబ్యూటు, హెచ్‌రెఫ్ అనునది, దానికి గమ్యమును చెప్పును. హెచ్‌రెఫ్‌ను తీసివేసినచో ఆ లంకె ఎక్కడికిని పోదు. చిరునామా వ్రాయక తపాలా పెట్టెలో వేసిన ఉత్తరము వంటిదగును.

వ్రాయు విధానము సులభము. ట్యాగు పేరు తరువాత కొంత ఎడము విడిచి ఆట్రిబ్యూటు పేరు, వెంటనే సమానపు గుర్తు, వెంటనే కొటేషను గుర్తుల నడుమ దాని విలువ. ఇదంతయు ప్రారంభపు ట్యాగులోనే యుండవలెను. ముగింపు ట్యాగులో చెల్లదు. ఒక ట్యాగులో ఎన్నియైనను వ్రాయవచ్చును. ఏది ముందు, ఏది వెనుక అను నియమము లేదు. పేర్లను పెద్ద అక్షరములలో వ్రాసినను చిన్న అక్షరములలో వ్రాసినను ఒక్కటే. చిన్న అక్షరములే వాడుక. పొరపాటున ఒకే పేరును ఒక ట్యాగులో రెండు మారులు వ్రాసినచో మొదటిది చెల్లును, రెండవదానిని బ్రౌజరు లెక్కచేయదు. విలువ అక్కరలేని ఆట్రిబ్యూటులు కూడ కొన్ని కలవు. దరఖాస్తులో ఒక గడిని తప్పక నింపవలెనని చెప్పు ‘రిక్వయర్డ్’ అట్టిది. పేరు వ్రాసిన చాలును. దానికి ‘ఫాల్స్’ అను విలువ నిచ్చి, ఈ గడి నింపకున్నను ఫరవాలేదని చెప్పితిమని తృప్తిపడువారు కలరు. బ్రౌజరు పేరున్నదా లేదా అనియే చూచును గాని విలువను చూడదు. గడి తప్పనిసరిగనే నిలిచియుండును.

కొటేషను గుర్తుల విషయమై కొంచెము ఆగి చెప్పవలసియున్నది. చివరి గుర్తు మరచినచో బ్రౌజరు ఆ విలువ ఇంకను ముగియలేదని తలచి, తరువాతి కొటేషను గుర్తు దొరకువరకు ఎదుట నున్న వ్రాత నంతటిని విలువలో కలుపుకొనును. పేరాలకు పేరాలు తెరపై మాయమగును. అంతకంటె కపటమైనది వంపు కొటేషను. ఉత్తరములు వ్రాసికొను సాఫ్ట్‌వేరులో టైపు చేసి తెచ్చి అతికించినప్పుడు నిలువు గుర్తులు అందముగా వంపు తిరిగి వచ్చును. కంటికి భేదము స్వల్పము. బ్రౌజరు మాత్రము వానిని గుర్తులుగా నెంచక, చిరునామాలోని అక్షరములుగా చదువును. లంకె లేని చోటికి పోవును. మేము ఇట్టి దాని కొరకు ఒక సాయంకాలమంతయు వెదకితిమి. తప్పు కనుగొన్న పిమ్మట నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియలేదు.

ఇక మా సభ పుట మూగపోయిన కథకు వత్తము. పుటలో మొట్టమొదటి ట్యాగు పేరు హెచ్‌టీఎంఎల్ అనియే. దానిలో ఎల్, ఏ, ఎన్, జి అను నాలుగక్షరముల ఆట్రిబ్యూటు ఉండవలెను. లాంగ్ అందురు. ఈ పుట ఏ భాషలో నున్నదో చెప్పునది అదియే. తెలుగునకు టి, ఇ అను రెండక్షరములు గుర్తు. ఇంగ్లీషునకు ఇ, ఎన్. మేము దింపుకొన్న మాదిరి పుటలో ఇ, ఎన్ అని యుండెను. లోపలి మాటలన్నియు మార్చితిమి గాని ఆ రెండక్షరములను మార్చలేదు. స్క్రీన్ రీడరు మా మాటను నమ్మి ఇంగ్లీషు గొంతును పిలిచెను. ఆ గొంతునకు తెలుగు లిపి తెలియదు. తెలియనిదానిని విడిచి ముందునకు పోయెను. మా మిత్రుల యంత్రములో తెలుగు చదువు గొంతు కూడ కలదు. పిలిచినవారు లేక అది ఊరకుండెను.

లాంగ్‌ను పుట మొత్తమునకే గాక, ఒక్క పేరాకును, ఒక్క మాటకును పెట్టవచ్చును. పరదేశములలో నున్న తెలుగు కుటుంబములవారు ఇంగ్లీషు పుటల నడుమ తెలుగు వాక్యములను చేర్చుచుందురు. అట్టి వాక్యములకు టి, ఇ అను గుర్తు నిచ్చినచో, యంత్రము ఆ చోట గొంతు మార్చి చదివి, మరల ఇంగ్లీషునకు మరలును. 1997 డిసెంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ నాల్గవ సంస్కరణము లాంగ్‌ను దాదాపు అన్ని ట్యాగులకు చేర్చినది.

భాషకు తోడు లిపి సంగతి. మెటా అను ట్యాగులో చార్‌సెట్ అను ఆట్రిబ్యూటు వ్రాయుదురు. దాని విలువ యూటీఎఫ్-8 అని యుండవలెను. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిన ఈ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు అక్షరపు గుర్తు మూడేసి బైట్లుగా నిలువ యుండును. చార్‌సెట్ తప్పినచో బ్రౌజరు ఆ మూడింటిని మూడు వేరు వేరు పాశ్చాత్యాక్షరములని తలచును. అప్పుడు తెలుగు పద్యము పెట్టిన చోట నెత్తిపై గీతలు గల ‘ఏ’ అక్షరముల వరుస కనబడును. అది చూచి కంప్యూటరు చెడినదని కంగారుపడిన యిల్లాండ్రను మేమెరుగుదుము.

ఇచ్చట ఒక పాత సంగతి చెప్పక తప్పదు. యూనికోడ్ మొదటి సంస్కరణమైన 1991 నాటి దానిలోనే తెలుగునకు చోటు దక్కినది. అయినను ఇండ్లలోని కంప్యూటరులకు ఆ అక్షరములను సరిగా కూర్చి చూపుట 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చువరకు తెలియదు. ఆ నడిమి కాలములో తెలుగు పుటలు వెలయించినవారు ఫాంట్ అను ట్యాగును, ఫేస్ అను ఆట్రిబ్యూటును ఆశ్రయించిరి. లోపల వ్రాసినవి ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు. ఫేస్‌లో పేర్కొన్న ఫాంటు వానికి తెలుగు వేషము వేసి నిలబెట్టెడిది. ఆ ఫాంటు ఉన్న యింట తెలుగు. లేని యింట పిచ్చిగీతలు. కంటికి తెలుగైనను, యంత్రమునకు అవి అర్థము లేని ఇంగ్లీషు ముక్కలే. వెదకిన దొరకవు, చదివించిన పలుకవు. నాటి అవసరమట్టిది గనుక వారిని తప్పు పట్టజాలము. కాని ఆ రోజుల పుటలలోని వ్రాత ఎంతో నేడు చదువ వీలులేక పోయినదే అను విచారము మాకు కలదు. ఒక ఆట్రిబ్యూటు పైపై రూపునకు పనిచేయుటకును, అర్థమునకు పనిచేయుటకును గల భేదము దీనికంటె స్పష్టముగా తెలుపు ఉదాహరణము మాకు దొరకలేదు. ఫాంట్ ట్యాగును 1997లోనే వలదనిరి. రంగులు, అక్షరముల సొగసు నేడు సీఎస్ఎస్ అను వేరొక భాషలో వ్రాయుదురు.

ఫొటోల సంగతి మిగిలినది. మొదటి జాబితాలో బొమ్మకు ట్యాగే లేదు. 1993 ఫిబ్రవరిలో మార్క్ ఆండ్రీసన్ అను అమెరికా యువకుడు దానిని ప్రతిపాదించెను. బొమ్మ ఫైలు ఎక్కడ నున్నదో చెప్పు ఆట్రిబ్యూటు ఎస్, ఆర్, సి. బొమ్మకు మారుగా చెప్పవలసిన మాట ఏ, ఎల్, టి, ఆల్ట్ అందురు. 1995 నాటి రెండవ సంస్కరణములో ఆల్ట్ ఇష్టమైన వ్రాయవచ్చును, లేనిచో మానవచ్చును. 1997 నాటి నాల్గవ సంస్కరణములో అది తప్పనిసరి యైనది. అయినను వ్రాయనివారిని బ్రౌజరు దండింపదు. బొమ్మ కనబడుచునే యుండును. మావంటివారు మరచిపోవుటకు కారణమిదియే.

దండించిన సందర్భము మాత్రము ఒకటి కలదు. 2000 సంవత్సరమున సిడ్నీ నగరములో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. బ్రూస్ మెగ్వైర్ అను అంధుడు, తెర వ్రాతను బ్రెయిలీ చుక్కలుగా ఎత్తి చూపు పలకపై వ్రేళ్లతో చదువుకొనువారు, క్రీడల నిర్వాహకుల పుటలో బొమ్మలకు ఆల్ట్ లేదనియు, క్రీడల సూచికకు తనకు దారి దొరకలేదనియు 1999 జూన్‌లో ఆస్ట్రేలియా మానవహక్కుల సంఘమునకు ఫిర్యాదు చేసిరి. ఖర్చు భరింపరానిదని నిర్వాహకులు వాదించిరి. సంఘము ఆ వాదమును అంగీకరింపలేదు. 2000 ఆగస్టు 24న తీర్పు చెప్పుచు, క్రీడలు ప్రారంభమగు సెప్టెంబరు 15 నాటికి బొమ్మలన్నిటికి ఆల్ట్ వ్రాయవలెనని ఆదేశించినది. ఆ పని పూర్తిగా జరుగలేదు. నవంబరులో 20,000 ఆస్ట్రేలియా డాలర్ల నష్టపరిహారము విధింపబడినది. మూడక్షరముల ఆట్రిబ్యూటు న్యాయపీఠము నెక్కిన కథ యిది. మన దేశములో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఎలక్ట్రానిక్ మాధ్యమములలోని విషయము వారికి అందు రూపమున ఉండవలెనని చెప్పుచున్నది.

ఆల్ట్‌లో ఏమి వ్రాయవలెను? ‘ఫొటో’ అని వ్రాసిన చాలదు. ఫొటో యని యంత్రమే చెప్పును. ఆ బొమ్మ అక్కడ ఎందుకున్నదో ఆ పని చేయు మాట వ్రాయవలెను. మా పుటలో టిక్కెట్టు బొమ్మ యొకటి కలదు. దానిని నొక్కినచో టిక్కెట్లు కొను పుటకు పోవుదుము. దానికి ‘పచ్చని టిక్కెట్టు బొమ్మ’ అని వ్రాసిన లాభమేమి? ‘టిక్కెట్లు కొనుటకు’ అని వ్రాయవలెను. పేరాల నడుమ ముగ్గు వంటి అంచు బొమ్మలు నాలుగు కలవు. అవి కేవలము అలంకారము. వానికి ఆల్ట్ పేరు వ్రాసి, కొటేషను గుర్తుల నడుమ ఏమియు వ్రాయక ఖాళీగా విడువవలెను. స్క్రీన్ రీడరు వానిని దాటిపోవును. ఆల్ట్ ఖాళీగా నుండుట వేరు, ఆల్ట్ లేకుండుట వేరు. గాయకుడు పల్లవి ముగించి ఒక క్షణ మాగుట వేరు, ప్రసారమే తెగిపోవుట వేరు గదా! మొదటిదానిలో శ్రోతకు నెమ్మది, రెండవదానిలో గాభరా. ఆల్ట్ బొత్తిగా లేనిచో యంత్రము ఏదో యొకటి చెప్పవలెనని ఫైలు పేరును చదువును.

టైటిల్ అను మరియొక ఆట్రిబ్యూటు కలదు. మౌసును నిలిపిన చోట చిన్న పెట్టెలో మాట చూపునది అది. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు ఆల్ట్‌ను కూడ అట్లే చూపుచుండుటచే, ఆల్ట్ అనగా చమత్కారము వ్రాసికొను చోటని చాలమంది భ్రమపడిరి. ఆ భ్రమ ఇంకను పూర్తిగా పోలేదు. ఐడి, క్లాస్ అనునవి పేరు పెట్టుటకు. ఐడి ఒక పుటలో ఒక్కదానికే యుండవలెను. క్లాస్ ఎన్నింటికైనను ఉండవచ్చును. దరఖాస్తు గడికి ఐడి పెట్టి, దాని ప్రక్కనున్న ‘మీ పేరు’ అను లేబుల్ ట్యాగులో ‘ఫర్’ అను ఆట్రిబ్యూటునకు అదే విలువ నిచ్చినచో ఆ రెంటికి ముడిపడును. ముడి లేనిచో, గడి కంటికి లేబులు ప్రక్కనే యున్నను, వినువారికి అది పేరు లేని ఖాళీ గడిగనే మిగులవచ్చును. ఇట్టి ముడి వేయని దరఖాస్తులు నేడును మాకు తగులుచునే యున్నవి.

పుట వ్రాయువారు దానిని ఒకమారు విని చూచుట కష్టము కాదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధ యువకుడు ప్రారంభించిన ఎన్‌వీడీఏ అను స్క్రీన్ రీడరు ఉచితముగా లభించును. తెర ఆర్పి, చెవి యొగ్గి కూర్చున్నచో, ఏ ఆట్రిబ్యూటు మరచితిమో అదియే చెప్పును.

మేము ఆ రాత్రియే లాంగ్‌ను దిద్ది, పదునాలుగు ఫొటోలకు ఆల్ట్ వ్రాసితిమి. మరునాడు మా మిత్రుల ప్రక్కన మరల కూర్చుంటిమి. ఈ మారు తెలుగు గొంతు పలికెను. కొంత మర గొంతే. రాగము లేదు, భావము లేదు. అయినను మాట మాట తెలిసెను. తన కచేరీ తేదీ, వేళ రాగా ఆయన తల ఊపిరి. మొదటి ఫొటో వచ్చెను. “వేదికపై గాత్రము, ఎడమవైపున మృదంగము, కుడివైపున వయొలిను” అని మేము వ్రాసిన ఆల్ట్‌ను యంత్రము చదివెను. ఆయన ఆపి, వెనుకకు పోయి, మరల విని, “ఎడమవైపు అంటోందేవండీ? నేను పాడుతూంటే మృదంగం ఎప్పుడూ కుడిచెవికే కదా వినబడేది!” అనిరి.

మేము ఫొటో వంక చూచితిమి. అది శ్రోతల వరుసలో నిలిచి తీసినది. ఆయన వేదికపైనుండి వినుచున్నారు. ఆల్ట్‌ను తెరచి, ‘ఎడమవైపున’ అను మాటకు ముందు ‘శ్రోతలకు’ అని చేర్చితిమి. ఆయన విని, “ఇప్పుడు సరిపోయింది. రెండోది వినిపించండి” అనిరి.